అంగస్తంభన తప్పితే: ఎన్నిసార్లు, ఎన్నాళ్లు?

పత్తి తీతలూ మిరప కోతలూ ఒకదాని మీద ఒకటి వచ్చిపడే నెలల్లో చిలకలూరిపేట నుంచి అద్దంకి దాకా ఏ ఊళ్లోనైనా రైతుకు నిద్ర కరువే. పగలు చేలో కూలీల వెంట తిరగడం, సాయంత్రం పురుగుమందుల కొట్లో బాకీ లెక్క, తెల్లవారకముందే టిక్కీలు వేసుకుని గుంటూరు యార్డుకు ప్రయాణం. అలాంటి రోజుల్లో భార్య పక్కన ఉన్నా అంగం గట్టిపడకపోవచ్చు, గట్టిపడి మధ్యలో మెత్తబడవచ్చు. చాలామందిలో అది అలసట, ఆందోళన తెచ్చిపెట్టిన తాత్కాలిక ఇబ్బంది. ఈ మాట అతనికి ఇంట్లో ఎవరూ చెప్పరు, స్నేహితుల్ని అడగడానికి నోరు రాదు. బస్టాండు గోడ మీద పెద్ద అక్షరాలతో రాసిన 'నరాల బలహీనత' ప్రకటన ఒక్కటే కంటపడుతుంది. దయచేసి ఆ గోడను నమ్మకండి. కాగితం తీసుకుని రెండు అంకెలు వేసుకోండి: ఎన్నిసార్లు తప్పింది, ఎన్నాళ్లుగా తప్పుతోంది.

అమెరికా మనోవైద్యుల సంఘం 2013లో ప్రచురించిన ప్రమాణం ఈ రెండు అంకెల మీదే నిలబడింది. కలయికల్లో కనీసం 75 శాతం సార్లు ఇబ్బంది రావాలి, అది కనీసం 6 నెలలు సాగాలి, మనిషిని బాధపెట్టాలి. అప్పుడే దాన్ని అంగస్తంభన లోపం అని నిర్ధారిస్తారు. వారానికి ఒకసారి కలిసే దంపతులకు 6 నెలల్లో 26 సందర్భాలు వస్తాయనుకుందాం. వాటిలో సుమారు 20 సార్లు తప్పితే ఆ గీత దాటినట్టు. కోతల నెలలో మూడు నాలుగు సార్లు తప్పిందంటే గీతకు ఇంకా చాలా దూరంలో ఉన్నట్టు. అలాగని డాక్టరు దగ్గరికి వెళ్లడానికి 6 నెలలు ఆగమని కాదు. నాలుగైదు వారాలు వరసగా ఇలాగే జరుగుతుంటే, అందులోనూ వయసు 40 దాటితే, ఆలస్యం చేయకుండా వెళ్లాలి. ఎందుకో కాసేపట్లో చెబుతాను.

ఈ బాధ ఎంతమందిది? మసాచుసెట్స్ రాష్ట్రంలో 40 నుంచి 70 ఏళ్ల మగవాళ్ల మీద చేసి 1994లో వెలువరించిన అధ్యయనంలో 52 శాతం మందికి ఎంతోకొంత ఇబ్బంది ఉన్నట్టు తేలింది. అంగస్తంభన పూర్తిగా లేనివాళ్లు మాత్రం 10 శాతమే. మనకు దగ్గరగా, మైసూరు ప్రాంతపు పల్లె జనం మీద చేసి 2015లో ప్రచురించిన సర్వేలో 15.77 శాతం మంది మగవాళ్లకు ఈ సమస్య కనిపించింది. అంటే సుమారు ఆరుగురిలో ఒకరు. అదే నిష్పత్తి ఇక్కడా ఉంటే, 300 మంది మగవాళ్లున్న ఊళ్లో 47 మంది లెక్కకు వస్తారు. ఆ 47 మందిలో ప్రతి ఒక్కడూ ఊరంతటికీ తానొక్కడే ఇలా అయ్యాడని కుమిలిపోతుంటాడు.

అంగస్తంభన ప్రధానంగా రక్తప్రసారానికి సంబంధించిన పని. కోరిక కలిగినప్పుడు నరాల చివర్ల నుంచీ రక్తనాళాల లోపలి పొర నుంచీ నైట్రిక్ ఆక్సైడ్ విడుదలవుతుంది. అంగంలోని కండరం సడలుతుంది, ధమనుల గుండా రక్తం వచ్చి నిండుతుంది, రక్తాన్ని బయటికి తీసుకుపోయే సిరలు నొక్కుకుపోయి అది అక్కడే నిలుస్తుంది. రక్తనాళాల్లో ఈ నైట్రిక్ ఆక్సైడ్ చేసే పనిని కనిపెట్టినందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి ఇచ్చారు. ఆందోళన కలిగితే అంతా తలకిందులవుతుంది. అడ్రినలిన్ ఎక్కువై ఆ కండరం బిగుసుకుంటుంది, ధమనులు ముడుచుకుంటాయి. అప్పులవాడి ఫోను మోగినా, 'ఈసారీ తప్పుతుందేమో' అని మనసులో అనుకున్నా శరీరానికి రెండూ ఒకటే.

భయం ఎంత పని చేస్తుందో 2003లో ఇటలీ వైద్యులు ప్రచురించిన ప్రయోగం చూస్తే తెలుస్తుంది. గుండెజబ్బు కొత్తగా బయటపడిన 96 మందిని తీసుకున్నారు. అంతకుముందు వాళ్లెవరికీ అంగస్తంభన ఇబ్బంది లేదు. అందరికీ ఒకే మాత్ర ఇచ్చారు, అటెనొలాల్. మూడోవంతు మందికి అదేం మాత్రో చెప్పలేదు. ఇంకో మూడోవంతుకు పేరు చెప్పి ఊరుకున్నారు. మిగిలినవాళ్లకు పేరుతోపాటు 'దీనివల్ల అంగస్తంభన తగ్గవచ్చు' అని కూడా చెప్పారు. మూడు నెలల తర్వాత చూస్తే ఇబ్బంది వచ్చినవాళ్లు మొదటి గుంపులో 3.1 శాతం, రెండో గుంపులో 15.6 శాతం, మూడో గుంపులో 31.2 శాతం. మాత్ర ఒకటే, మోతాదు ఒకటే. ఒక్క మాట చెవిన పడినందుకు పదిరెట్లు పెరిగింది. ఇబ్బంది వచ్చినవాళ్లకు తర్వాత అంగస్తంభనకు వాడే సిల్డెనాఫిల్, మందు లేని ఉత్త మాత్ర రెండూ ఇచ్చి చూస్తే రెండూ దాదాపు ఒకేలా పనిచేశాయి. గోడ మీది రాతలు మన కుర్రవాళ్లకు ఎంత చెరుపు చేస్తున్నాయో ఈ లెక్కే చెబుతోంది. పెళ్లైన కొత్తలో మొదటి రాత్రి తప్పిందని లాడ్జి గదిలో కూర్చున్న 'స్పెషలిస్టు' దగ్గరికి పరిగెత్తే అబ్బాయికి అక్కడ దొరికేది ఇంకా పెద్ద భయమే.

ఈ నేల మీద ఆందోళనకు కారణాలు వెతుక్కోనక్కర్లేదు. మిరపకు ఎకరానికి పెట్టుబడి లక్ష దాటుతుంది, కౌలు వేరే. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం. 1987-88లో తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు ప్రకాశం, గుంటూరు జిల్లాల రైతులు అప్పులకు తాళలేక ప్రాణాలు తీసుకున్నారు. 2021-22లో నల్ల తామర పురుగు మిరప పూతను తినేసింది. ఇలాంటి ఏడు మనసు కుంగిపోతే కోరికా కుంగిపోతుంది. మసాచుసెట్స్ లెక్కల్లోనే, కుంగుబాటు లక్షణాలున్నవాళ్లలో అంగస్తంభన లోపం ఉండే అవకాశం సుమారు 1.8 రెట్లు ఎక్కువగా కనిపించింది. నిద్ర పట్టక, తిండి సయించక, బతుకు మీద ఆశ సన్నగిల్లినవాడికి ముందు ఆ కుంగుబాటుకు వైద్యం కావాలి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416కు ఫోను చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు కట్టక్కర్లేదు.

కారణం మనసులో ఉందా ఒంట్లో ఉందా తెలుసుకోవడానికి ఇంట్లోనే ఒక గుర్తు దొరుకుతుంది. ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో రాత్రికి 3 నుంచి 5 సార్లు తనంత తాను అంగస్తంభన కలుగుతుంది, ఒక్కోసారి 25 నుంచి 35 నిమిషాలు ఉంటుంది. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు కనిపించేది అందులో చివరిదే. అది మామూలుగా వస్తూ, కలయిక వేళ మాత్రమే తప్పుతుంటే రక్తనాళాలూ నరాలూ బాగానే ఉన్నాయని, అడ్డు మనసు నుంచి వస్తోందని చాలావరకు అనుకోవచ్చు. తెల్లవారుజామున కూడా వారాల తరబడి లేకపోతే ఒంట్లో కారణం వెతకాలి. దీనికి మొదట చూడాల్సినవి సారా, బ్రాందీ. రెండు పెగ్గులు ధైర్యమిస్తాయని నమ్మేవాళ్లకు చెబుతున్నాను, మద్యం నరాల సంకేతాన్ని మందగింపజేస్తుంది. ఆ పూట తప్పింది మద్యం వల్లే కావచ్చు. చుట్ట, సిగరెట్ తాగేవాళ్లకు ముప్పు తాగనివాళ్ల కంటే సుమారు ఒకటిన్నర రెట్లు. బీపీకి వాడే కొన్ని మాత్రలు, కుంగుబాటుకు వాడే కొన్ని మాత్రలు కూడా కారణమవుతాయి. వాటిని మీ అంతట మీరు మానకండి, మార్చమని డాక్టర్ని అడగండి. కారం, ఊరగాయ తిని వేడి చేసిందనే మాటకు ఆధారం లేదు. ఊరగాయలో భయపడాల్సింది ఉప్పుకు, అది బీపీని పెంచుతుంది కనుక.

ఇక పురుగుమందు. మా వైపు ఈ ప్రశ్న అడగని రైతు ఉండడు. 1970లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఒక చిన్న నివేదిక వచ్చింది. పురుగుమందులు, కలుపుమందులు వాడిన ఐదుగురు పొలం పనివాళ్లలో నలుగురికి అంగస్తంభన పోయింది. ఆ మందులకు దూరమై, హార్మోన్ చికిత్స తీసుకున్నాక తిరిగి వచ్చింది. ఐదుగురి మీద ఒక సిద్ధాంతం నిలబెట్టలేం, కొట్టిపారేయనూ లేం. ఆర్గానోఫాస్ఫేట్ మందులు నరాల సంకేతాల మీదే దెబ్బకొడతాయి. 2003లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో పత్తి రైతు కుటుంబాలను పరిశీలించినప్పుడు, మందు కొట్టిన 323 సందర్భాల్లో 83.6 శాతం సార్లు ఏదో ఒక మోతాదులో విషప్రభావ లక్షణాలు నమోదయ్యాయి. ఉస్మానియా విశ్వవిద్యాలయ జన్యుశాస్త్రజ్ఞులు 1991లో ప్రచురించిన అధ్యయనంలో, పత్తి చేలలో మందులు కొట్టే మగవాళ్లున్న 1,016 జంటలను 1,020 మామూలు జంటలతో పోల్చితే మందు కొట్టేవాళ్లలో సంతానం కలిగినవాళ్లు తక్కువగా తేలారు. అది సంతానానికి సంబంధించిన సంగతి, అంగస్తంభన వేరు. అయినా చొక్కా లేకుండా, గాలికి ఎదురుగా, చేతితో మందు కలిపే అలవాటు మానడానికి ఈ లెక్కలు చాలు. నేను చూసినంతలో ఎక్కువ నష్టం మరోచోట జరుగుతోంది. తప్పంతా మందుదేనని తేల్చుకుని షుగరు పరీక్ష చేయించుకోకపోవడంలో.

అంగంలోని ధమని వెడల్పు 1 నుంచి 2 మిల్లీమీటర్లు. గుండెకు రక్తం అందించేది 3 నుంచి 4 మిల్లీమీటర్లు. డ్రిప్పు లైనులో సన్న గొట్టం ముందు పూడుకుపోయినట్టే, రక్తనాళాల్లో కొవ్వు పేరుకుంటే దాని ప్రభావం ముందు అంగంలో కనిపిస్తుంది. ఇటలీలోనే 2003లో, ఛాతీనొప్పితో వచ్చి గుండె ధమనులు మూసుకుపోయినట్టు తేలిన 300 మందిని అడిగితే 49 శాతం మందికి అంగస్తంభన లోపం ఉంది. వాళ్లలో 67 శాతం మందికి అది గుండె లక్షణాల కంటే ముందే వచ్చింది, సగటున 38.8 నెలల ముందు. మూడేళ్లకు పైగా వ్యవధి అది. ఆ మూడేళ్లలో బీపీ, షుగరు, కొలెస్ట్రాల్ చూపించుకుని సరిచేసుకున్నవాడికి గుండెపోటును తప్పించుకునే వీలుంది. గంట ముందు వేసుకునే మాత్ర కొనుక్కుని సంగతి మరిచిపోయినవాడికి ఆ వీలు పోతుంది. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

షుగరు లెక్క కూడా చిన్నదేం కాదు. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో చెప్పిన ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గడప మీద ఉన్నారు. ప్రపంచవ్యాప్తంగా 145 అధ్యయనాలను కలిపి 2017లో వేసిన లెక్కలో మధుమేహం ఉన్న మగవాళ్లలో 52.5 శాతం మందికి అంగస్తంభన లోపం కనిపించింది. పరగడుపు షుగరు 126, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5, బీపీ 140/90. ఈ అంకెలు దాటితే అసలు జబ్బు అక్కడుంది. అవసరమైతే డాక్టరు టెస్టోస్టిరాన్ కూడా చూస్తారు. ఉదయంపూట రెండు వేర్వేరు రోజుల్లో పరీక్షించి, రెండుసార్లూ 300 నానోగ్రాముల లోపు ఉంటేనే తక్కువని తేలుస్తారు. ఒక్క పరీక్షకే ఇంజెక్షన్లు మొదలుపెడతామంటే వద్దనండి.

మందు లేకుండా ఎంత మారుతుంది? 2004లో ప్రచురితమైన ప్రయోగంలో ఊబకాయంతోపాటు అంగస్తంభన లోపం ఉన్న 110 మందిని రెండు గుంపులు చేశారు. తిండి తగ్గించి వ్యాయామం చేసిన 55 మందిలో రెండేళ్లకు 17 మంది మామూలు స్థితికి వచ్చారు. సలహాలు మాత్రమే విన్న 55 మందిలో ముగ్గురు. వారానికి నాలుగుసార్లు 40 నిమిషాల చొప్పున, చెమట పట్టే వ్యాయామం 6 నెలలు చేయాలని 2018 నాటి ఒక సమీక్ష తేల్చింది. 'రోజంతా చేలోనే ఉంటాం కదా' అంటారు. వంగి కాయ కోసేది ఎక్కువగా ఆడకూలీలు. రైతు బండి మీద గట్టు దాకా వెళ్లి వస్తున్నాడు. ఆ బండి ఊళ్లో వదిలి నడిచి వెళ్లినా 40 నిమిషాలు గడుస్తాయి.

మనసులోని అడ్డుకు దంపతులిద్దరూ కలిసి చేసే వైద్యం ఉంది. అమెరికా పరిశోధకులు మాస్టర్స్, జాన్సన్ 1970లో వివరించిన పద్ధతి అది. కొన్ని వారాలు కలయిక వద్దని ఇద్దరూ ముందే ఒప్పుకుంటారు, స్పర్శ వరకే. తప్పుతుందనే పరీక్ష ఉండదు కనుక భయమూ ఉండదు, అంగస్తంభన తనంత తాను తిరిగి వస్తుంది. మన ఇళ్లలో దీనికి కావాల్సింది భార్యకు సంగతి చెప్పడం. చెప్పకపోతే తన మీద మోజు పోయిందని, ఇంకెవరో ఉన్నారని ఆమె అనుకుంటుంది. డాక్టరు దగ్గరికి ఇద్దరూ వెళితే సగం పని అక్కడే అవుతుంది.

సిల్డెనాఫిల్‌కు అమెరికాలో 1998 మార్చి 27న అనుమతి వచ్చింది. ఆ ఏడు ప్రచురించిన పరీక్షలో, మందు వేసుకున్నవాళ్ల ప్రయత్నాల్లో 69 శాతం ఫలించాయి, ఉత్త మాత్ర వేసుకున్నవాళ్లలో 22 శాతం. మంచి మందే, కానీ కోరికను అది పుట్టించదు. 25, 50, 100 మిల్లీగ్రాముల్లో ఎంత వాడాలో డాక్టరే చెప్పాలి. సుమారు గంట ముందు వేసుకోవాలి, కడుపునిండా తిన్నాక వేసుకుంటే ఆలస్యంగా పనిచేస్తుంది. ఇలాంటిదే మరో మందు టాడాలఫిల్, దాని ప్రభావం 36 గంటల దాకా ఉంటుంది. ఏది వేసుకున్నా అంగస్తంభన 4 గంటలు దాటి తగ్గకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, లేకపోతే కండరం శాశ్వతంగా దెబ్బతింటుంది.

పసరు మందులు, పొడులు సురక్షితమనే నమ్మకం మరో ప్రమాదం. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 వరకు కల్తీవని పట్టుకున్న 776 ఉత్పత్తుల్లో 353 లైంగిక శక్తి పెంచుతామని అమ్మినవే. వాటిలో ఎక్కువగా దొరికింది, పేరు చెప్పకుండా కలిపిన సిల్డెనాఫిలే. మన దేశంలో ఇలాంటి ప్రకటనలనే 1954 నాటి చట్టం నిషేధించింది. మొదటిసారి తప్పుకు 6 నెలల దాకా జైలు. 70 ఏళ్లు దాటినా గోడలు రంగు మార్చుకుంటూనే ఉన్నాయి.

గుంటూరు, ఒంగోలు సర్వజన ఆసుపత్రుల్లో గానీ మీ మండలంలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో గానీ బీపీ, షుగరు చూపించుకోవడం దగ్గర మొదలుపెట్టండి. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మాత్రలు వాడేవాళ్లు సిల్డెనాఫిల్ గానీ టాడాలఫిల్ గానీ ఎప్పుడూ ముట్టకూడదు. రెండూ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. ఈ మాత్ర వేసుకున్న రాత్రి ఛాతీలో నొప్పి వస్తే జేబులోని సార్బిట్రేట్ తీయకండి. 108కి ఫోను చేసి, ఏ మాత్ర, ఎన్ని గంటలకు వేసుకున్నారో వచ్చినవాళ్లకు సిగ్గుపడకుండా చెప్పండి. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, టాడాలఫిల్ అయితే 48 గంటలు గడిచేదాకా నైట్రేట్ ఇవ్వకూడదు. మీరు చెప్పలేని స్థితిలో ఉంటే చెప్పాల్సింది మీ భార్యే, అందుకని ఆ మాత్ర సంగతి ఆమెకు ముందే తెలిసి ఉండాలి.