సాఫ్ట్‌వేర్ తాళం కథ

దివిసీమలోని కోడూరు ప్రాంతంలో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో సాగుతాయి. బంగాళాఖాతంలో తుపాన్లు పుట్టే కాలమూ అదే. 1977 నవంబరు 19 ఉప్పెనను చూసిన దివిసీమలో వాయుగుండం వార్త వినగానే రైతు వెతికేది తడి చేలో దిగే చైన్ కోత మిషన్‌ను. బెల్టు తెగో బేరింగు పోయో అది ఆగితే మెకానిక్ చూసుకుంటాడు. డీజిలు ఉండి, ఇంజను బాగుండి, లైసెన్సు లేదంటూ తెర మీద అక్షరాలు చూపి ఆగితే మాత్రం అతని పానా పనికిరాదు. యంత్రం కదలడానికి అనుమతి అడిగే ఈ పద్ధతి పొలంలో పుట్టలేదు. రాతబల్ల మీద పుట్టింది.

1980లో ఇంగ్లండులో పీట్ డౌసన్ అనే ప్రోగ్రామర్ కమడోర్ పెట్ కంప్యూటర్ కోసం వర్డ్‌క్రాఫ్ట్ అనే రాతపని సాఫ్ట్‌వేర్ తయారుచేశాడు. దాన్ని ఎవరు పడితే వాళ్లు కాపీ చేసుకుంటారన్నది ఆయన దిగులు. మైక్ లేక్ అనే మరొకాయన చిన్న చిప్పుతో ఒక బిళ్ల తయారుచేసి, కంప్యూటరుకు క్యాసెట్ రికార్డర్ తగిలించే పోర్టులో దాన్ని పెట్టించాడు. ప్రోగ్రాం ఆ బిళ్లను పలకరిస్తుంది. సరైన అంకెలు తిరిగొస్తే పని మొదలుపెడుతుంది, లేకపోతే లేదు. తొలి డాంగిల్ అదేనంటారు. తర్వాత అది ప్రింటర్ పోర్టుకు, అక్కణ్నుంచి యూఎస్‌బీకి మారింది. శ్రీలిపి సాఫ్ట్‌వేర్‌తో తెలుగు పేజీలు కట్టిన డీటీపీ ఆపరేటర్లు దాన్ని 'లాక్' అన్నారు.

బిళ్లతో చిక్కేమిటంటే, అది ఏ కంప్యూటరుకు ఉంటే పని ఆ ఒక్కదానిలోనే. ఖరీదైన డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను యాభై మంది ఇంజనీర్లు వాడినా, ఒకే వేళకు దాన్ని తెరిచేది ఏ పది మందో. 1988లో వచ్చిన ఫ్లెక్స్ఎల్ఎం అనే లైసెన్సు నిర్వహణ సాఫ్ట్‌వేర్ ఈ లెక్కను పట్టుకుంది. లైసెన్సులన్నీ ఒక సర్వర్ దగ్గర ఉంటాయి. అడిగినవారికి ఒకటి ఇస్తుంది, పని ముగిశాక వెనక్కి తీసుకుంటుంది. ఊరికి రెండే కోత మిషన్లుంటే మూడో రైతు వంతు కోసం ఆగినట్టే, పది లైసెన్సులే కొంటే పదకొండో ఇంజనీరూ ఆగాలి.

లైసెన్సు ఇప్పుడొక చిన్న ఫైలు. ఏ యంత్రానికి, ఏ పనులకు, ఏ తేదీ వరకు అన్న వివరాలు అందులో ఉంటాయి. కంపెనీ తన రహస్య సంకేతంతో దాని మీద డిజిటల్ సంతకం చేస్తుంది. తేదీలో ఒక్క అంకె మార్చినా ఆ సంతకం చెల్లదు.

మనుషుల కోసం కట్టిన ఈ లైసెన్సుల లెక్క సాఫ్ట్‌వేర్ రోబోలు వచ్చాక తడబడింది. 2005లో బుకారెస్టులో మొదలై తర్వాత యూఐపాత్‌గా పేరు మార్చుకున్న సంస్థ వంటివి, బిల్లులు ఎక్కించడం, ఖాతాలు సరిచూడడం లాంటి పనులు తమంతట తామే చేసుకుపోయే రోబోలను అమ్మాయి. రోబో రాత్రంతా పనిచేస్తుంది కనుక తలకొక లైసెన్సు అన్న మాట దానికి కుదరదు. లెక్కించాల్సింది ఒకే సమయంలో ఎన్ని పనులు నడుస్తున్నాయన్నది. ఒక్కో పనికి రెండు గంటలు పడితే, ఒక లైసెన్సుతో ఎనిమిది గంటల రాత్రిలో నాలుగు పనులు వరసగా చేయించవచ్చు. ఆ నాలుగు పనులనూ ఒకేసారి రాత్రి పన్నెండింటికే మొదలుపెట్టమంటే నాలుగు లైసెన్సులు కొనాలి. లైసెన్సుల నిర్వహణలో డబ్బు మిగిలేదీ, వృథా అయ్యేదీ ఈ వరస కట్టడంలోనే.

ఈ తాళం పొలానికీ చేరింది. 2022లో ఉక్రెయిన్‌లోని మెలిటోపోల్‌లో ఒక జాన్ డీర్ డీలరు దగ్గర నుంచి రష్యా సైనికులు 27 వ్యవసాయ యంత్రాలు ఎత్తుకుపోతే, దూరం నుంచే వాటిని పనిచేయకుండా ఆపేశారు. లోకం మెచ్చుకుంది. కానీ దొంగను ఆపగల తాళం యజమానినీ ఆపగలదు. అందుకే ట్రాక్టరు మరమ్మతు కోసం సాఫ్ట్‌వేర్ తాళం తీస్తే కాపీరైటు చట్ట ఉల్లంఘన కాదని 2015లోనే అమెరికా మినహాయింపు ఇచ్చింది. 2023లో కొలరాడో రాష్ట్రం వ్యవసాయ యంత్రాల మరమ్మతు హక్కుకు చట్టం చేసింది. మన దేశంలో 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కుపై కమిటీ వేసి, పరిశీలించే రంగాల్లో వ్యవసాయ పరికరాలను చేర్చింది. 2023 జనవరి నుంచి 50 హెచ్‌పీ దాటిన ట్రాక్టర్లకు కొత్త ఉద్గార ప్రమాణాలు అమలయ్యాక, ఇంజనును నడిపే ఎలక్ట్రానిక్స్ పాత్ర ఇంకా పెరిగింది.

తయారీదారు కష్టానికి తాళం రక్షణ. దాన్ని కాదనక్కర్లేదు. అయితే కొనేటప్పుడే నాలుగు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. లైసెన్సు శాశ్వతమా, ఏటా కట్టాలా? యంత్రాన్ని అమ్మితే అది కొత్త యజమానికి మారుతుందా? కంట్రోలర్ కాలిపోతే కొత్త లైసెన్సు ఎన్ని రోజుల్లో ఇస్తారు? సిగ్నల్ లేకపోయినా ఎన్నాళ్లు నడుస్తుంది? సముద్రం పక్కన సేద్యం చేసేవాళ్లకు చివరి ప్రశ్నే ముఖ్యం. తుపాను ముందు కరెంటూ టవరూ పోయే రోజుల్లోనే మిషన్ ఆగకుండా నడవాలి. దానికి జవాబు రాసివ్వని కంపెనీ యంత్రాన్ని ఎంత చౌకగా ఇచ్చినా దివిసీమ రైతుకు గిట్టదు.