క్యాంపర్‌వ్యాన్‌లో ఎక్స్‌ట్రా సీట్లు: బెల్ట్ ‘క్లిక్’ మంటే సేఫేనా?

నా క్యాంపర్‌వ్యాన్‌లో ఉన్న అసలు లోపాన్ని పట్టుకున్నది మెకానిక్ కాదు. ఫోన్ టైప్-సీ పోర్ట్‌కి తగిలించుకునే చిన్న ఎండోస్కోప్ కెమెరా. వెయ్యి రూపాయల లోపే కొన్నా.

మొదటి నుంచి చెప్తా. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న నా వ్యాన్‌లో సీట్లు నాలుగే. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలం ఎక్కితే ఫుల్. ఈసారి అరకు ట్రిప్‌కి అమ్మా నాన్నా కూడా వస్తామన్నారు. వెనకాల బెడ్‌గా మార్చుకునే బెంచ్ ఒకటి ఉంది. దాని మీద రెండు సీట్లు, రెండు త్రీ-పాయింట్ బెల్టులు పెట్టమని ఒక వర్క్‌షాప్‌లో అడిగా. “ఒక్కరోజు పని సార్” అన్నారు. సాయంత్రానికి వ్యాన్ ఇచ్చేశారు. కుషన్ మెత్తగా ఉంది, కుట్టు నీట్‌గా ఉంది, బకిల్ ‘క్లిక్’ మంటోంది. లుక్స్‌కి పదికి పది ఇచ్చేశా.

కెమెరాలో ఏం కనిపించింది?

ట్రిప్‌కి రెండు రోజుల ముందు బ్యాటరీ వైర్ ఒకటి వెతకడానికి బెంచ్ కిందకి కెమెరా దూర్చా. వైర్ దొరకలేదు కానీ, బెల్ట్ బోల్టులు కనిపించాయి. రెండు బోల్టులు ఫ్లోర్ రేకులోంచి దిగాయి. వాటి కింద రూపాయి బిళ్ల సైజు వాషర్లు తప్ప ఇంకేం లేవు. మూడోది ఫ్లోర్ దాకా కూడా రాలేదు, బెంచ్ ప్లైవుడ్‌లోనే ఆగిపోయింది. సరిగ్గా అమ్మ కూర్చోవాల్సిన సీటు అది.

లోడ్ లెక్క చూద్దాం

గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న మనిషి అర మీటరు దూరంలో ఆగిపోయాడనుకోండి. లెక్కేస్తే అది దాదాపు 20జీ. అంటే 70 కిలోల మనిషి ఆ క్షణంలో బెల్ట్‌ని సుమారు 1,400 కిలోల బలంతో లాగుతాడు. ఆ బలమంతా పట్టీ నుంచి బోల్టుకి, బోల్టు నుంచి ఫ్లోర్‌కి వెళ్తుంది. ఈ వరసలో ఏది వీక్‌గా ఉంటే అదే తెగుతుంది. పట్టీ ఎంత మంచిదైనా, బోల్టు ప్లైవుడ్‌లో ఉంటే ప్లైవుడ్డే చీలుతుంది. చిన్న వాషర్ ఉంటే బోల్టు పల్చటి రేకుని చించుకుని పైకి వచ్చేస్తుంది.

అందుకే యూరప్‌లో వాడే ఐక్యరాజ్యసమితి నిబంధన ఆర్14లో బెల్ట్ యాంకరేజ్‌లకి పుల్ టెస్ట్ పెట్టారు. డ్రైవర్ కాక ఎనిమిది సీట్ల వరకు ఉండే ప్యాసింజర్ వాహనాల్లో త్రీ-పాయింట్ బెల్ట్‌కి భుజం పట్టీ మీద 13,500 న్యూటన్లు, నడుం పట్టీ మీద మరో 13,500 న్యూటన్లు ఒకేసారి లాగుతారు. రెండూ కలిపితే దాదాపు 2,750 కిలోల బరువు. బెల్ట్‌ని సీటు ఫ్రేమ్‌కే బిగిస్తే సీటు బరువుకి 20 రెట్లు అదనంగా కలుపుతారు. మనోడు చేత్తో గట్టిగా లాగి “చూడండి సార్, ఎంత స్ట్రాంగో” అన్నది ఈ లెక్కలో ఎక్కడా కనపడదు.

రిట్రాక్టర్‌లోనూ సెన్సర్ ఉంది

గ్యాడ్జెట్ ప్రియులకి నచ్చే పార్ట్ ఇదే. బెల్ట్‌ని చుట్టుకునే రిట్రాక్టర్‌లో చిప్ ఉండదు. చాలావాటిలో చిన్న ఉక్కు గుండో, లోలకమో ఉంటుంది. బండి ఒక్కసారిగా ఆగితే అది కదిలి బెల్ట్‌ని లాక్ చేస్తుంది. మన ఫోన్‌లో యాక్సిలరోమీటర్‌కి పాత తరం అన్నయ్య అనుకోండి. కాకపోతే కంపెనీ చెప్పిన కోణంలోనే బిగించాలి. పక్కకి వాలితే ఊరికే లాక్ అయిపోతుంది, లేదా అసలు టైమ్‌కి పని చేయదు. నా బెల్ట్ సగం సార్లు ఇరుక్కునేది. “కొత్తది కదా, వాడగా వాడగా లూజవుతుంది” అన్నారు. ఫోన్‌లో లెవెల్ యాప్ పెట్టి చూస్తే తెలిసింది, రిట్రాక్టర్‌ని ఏకంగా పడుకోబెట్టి బిగించారు.

సీటు ఎటు చూస్తోందో కూడా ముఖ్యమే. పక్కకి తిరిగి కూర్చునే సోఫాకి నడుం బెల్ట్ పెట్టినా, ఢీకొన్నప్పుడు నడుము ఒక్కటే ఆగి పైభాగం పక్కకి మెలితిరుగుతుంది. బండి ఆగాక టీ తాగడానికి ఆ సోఫా సూపర్. రన్నింగ్‌లో మాత్రం ఖాళీగా ఉండాలి.

ఆర్‌సీ సంగతేంటి?

సీట్ల సంఖ్య ఆర్‌సీలో ఉంటుంది. మోటార్ వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకి, ఒక్కో దానికి 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. మన దగ్గర మోటార్ కారవాన్‌లకి ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణమే ఉంది. కాబట్టి సీట్లు కావాలంటే కొనేటప్పుడే సర్టిఫై అయిన వాటిని లెక్కేసుకోవాలి, తర్వాత పెంచుకోవచ్చులే అనుకోకూడదు.

నా వర్డిక్ట్

లుక్స్: 10/10. సేఫ్టీ: 0/10. వర్క్‌షాప్‌కి ఇచ్చిన 18 వేలు పోయినట్టే. ఆ రెండు సీట్లూ పీకించేశా. నాన్నకి కాస్త కోపం వచ్చింది. “మేం చిన్నప్పుడు లారీ మీద తిరిగాం రా, నువ్వు మరీ చేస్తున్నావ్” అన్నారు. ఫోన్‌లో ఆ ప్లైవుడ్ బోల్టు వీడియో చూపించా. రెండుసార్లు చూసి, ఇంకేం మాట్లాడకుండా ఇచ్చేశారు. అమ్మా నాన్నా గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వైజాగ్ వచ్చారు. అక్కడి నుంచి కిరండూల్ రైల్లో అరకు చేరారు. మేం నలుగురం వ్యాన్‌లో వెళ్లి స్టేషన్‌లో కలిశాం. సొరంగాలన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చానని అమ్మ తెగ సంబరపడింది.

మీ దగ్గర క్యాంపర్ ఉంటే, లేదా కొనబోతుంటే ఒక్క పని చేయండి. ఎండోస్కోప్ కెమెరా తీసుకుని ప్రతి సీటు కిందకీ ఓసారి దూర్చండి. బోల్టు చివర చెక్క కనిపిస్తే ఆ సీట్లో బ్యాగులు పెట్టుకోండి, అవి కూడా గట్టిగా కట్టేసి. మనుషుల్ని మాత్రం కూర్చోబెట్టకండి.