టైను ప్రతిబల విశ్లేషణ: రంగుల చిత్రం చూపనివి

గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగడి నేలలు తడి ఆరితే గట్టిగా బిగుసుకుంటాయి. ప్రత్తి, మిరప సాళ్ళ మధ్య అంతరకృషి చేసే టైను మోసే భారం అప్పుడు బాగా పెరుగుతుంది. ఈ టైను బలాన్ని నేడు విద్యార్థులు సాలిడ్‌వర్క్స్‌లో అంతర్భాగమైన సిమ్యులేషన్‌ఎక్స్‌ప్రెస్ వంటి సాధనంతో పరీక్షిస్తున్నారు. నేర్చుకోవడానికి మంచిదే. అయితే అది వాన్ మిసెస్ ప్రతిబలం, స్థానభ్రంశం, విరూపణ, భద్రతా గుణకం మాత్రమే చూపుతుంది. ప్రధాన ప్రతిబలాలు కనిపించవు.

వాన్ మిసెస్ విలువ ఎల్లప్పుడూ ధనాత్మకమే. ఆ బిందువు వద్ద లాగుడున్నదా, నొక్కుడున్నదా అన్నది దానినుండి తెలియదు. సాగే గుణమున్న ఉక్కుకు అది సరిపోవచ్చు. పోత ఇనుప భాగానికి చాలదు. పెళుసు పదార్థంలో పగులు సాధారణంగా గరిష్ఠ తన్యత ప్రతిబలాన్ని అనుసరిస్తుంది. ఈ సాధనం ఒకే భాగాన్ని విశ్లేషిస్తుంది గనుక, చట్రం వద్ద బోల్టు వదులైతే ఏమగునో చిత్రంలో ఉండదు.

ఎరుపు రంగు కనిపించగానే టైను విరుగుతుందని వ్రాయడం మన ప్రాజెక్టు నివేదికల్లో సాధారణమైపోయింది. ఎరుపు ఆ నమూనాలోని గరిష్ఠ విలువ మాత్రమే. దానిని పదార్థపు ఈల్డ్ బలంతో పోల్చాలి. పదునైన లోపలి మూలలో మెష్‌ను సూక్ష్మం చేసేకొద్దీ ఆ విలువ ఆగకుండా పెరగవచ్చు. అందుచేత మెష్ మార్చి మరొకసారి చూడాలి.

చేతి లెక్క కూడా వేయాలి. ఉదాహరణకు 20 మి.మీ. మందం, ప్రయాణ దిశలో 50 మి.మీ. లోతు గల నిలువు టైను కొనపై 1500 న్యూటన్ల బలం, 0.5 మీటరు దూరంలో పనిచేస్తే మొదలు వద్ద వంపు ప్రతిబలం 90 మెగాపాస్కల్‌లు. చిత్రం దీనికి ఎంతో దూరంగా ఉంటే ముందుగా స్థిరీకరణను, భారాన్ని సరిచూడాలి. ఆ భారం పొలంలో డైనమోమీటరుతో కొలిచినదై ఉండాలి.