మొదటి ఆటలో ఓడినవారు వెనుకబడినవారేనా?
టెన్నిస్ పోటీలోని గణితము

హైదరాబాదు నగరమున 2003 మొదలు 2005 వరకు ఏటేట ఒక అంతర్జాతీయ మహిళా టెన్నిస్ పోటీ జరిగినది. దాని పేరు హైదరాబాద్ ఓపెన్. టెన్నిస్‌ను వృత్తిగా స్వీకరించిన స్త్రీల కొరకు డబ్ల్యు.టి.ఎ. అను సంఘము 1973లో ఏర్పడినది. ఆ సంఘము ప్రపంచమున పలుచోట్ల నడపు పోటీలలో ఇదియు ఒకటి.

2003లో హైదరాబాదు బాలిక సానియా మీర్జా ఈ పోటీలో ఆడి, మొదటి ఆటలోనే ఓడిపోయెను. 2004లో మరల ఆడెను. మరల మొదటి ఆటలోనే ఓడెను. ఆ సంవత్సరము ఆమెను మూడు సెట్లలో ఓడించిన ఆస్ట్రేలియా క్రీడాకారిణి నికోల్ ప్రాట్, తుదివరకు గెలిచి విజేత అయ్యెను. 2005 ఫిబ్రవరిలో సానియా మూడవసారి ఆడెను. తుది ఆటలో యుక్రెయిన్ దేశపు అల్యోనా బొండరెంకోను 6-4, 5-7, 6-3 తేడాతో ఓడించి, డబ్ల్యు.టి.ఎ. సింగిల్స్ పోటీ గెలిచిన మొదటి భారతీయ మహిళ అయ్యెను.

అట్లయిన, 2004లో మొదటి ఆటలో ఓడిన సానియా ఆ పోటీలోని 32 మందిలో ఎన్నవది? పోటీ పట్టికను ఎంతసేపు చూచినను దీనికి జవాబు దొరకదు. ఏల దొరకదో గణితము చెప్పగలదు.

ఇందుకు టెన్నిస్ బంతిని కొంతసేపు ప్రక్కన బెట్టి, కొబ్బరికాయలను తీసికొందము. శ్రీకాకుళము జిల్లా తీరమున నున్న ఉద్దానము కొబ్బరి తోటలకు, జీడి తోటలకు పేరుపొందిన ప్రాంతము. ఆ జిల్లాలోని ఎనిమిది ఊళ్లనుండి, అనగా పలాస, టెక్కలి, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురము, వజ్రపుకొత్తూరులనుండి, ఊరికొక కాయ తెచ్చితిమనుకొందము. మనవద్ద తూనికరాళ్లు లేవు, తక్కెడ మాత్రమున్నది. అన్నిటికంటె బరువైన కాయ ఏదో తేల్చవలెను.

కాయలను రెండేసి చొప్పున తూచి, తేలికయిన దానిని తీసివేయుదము. మొదట నాలుగు తూనికలు, తరువాత రెండు, చివరకు ఒకటి, మొత్తము ఏడు. ఒక్కొక్క తూనికలో ఒక్కొక్క కాయ తొలగును. ఎనిమిదింటిలో ఏడు తొలగవలెను గనుక ఏడు తూనికలు చాలును. టెన్నిస్ పోటీయు ఇట్టిదే. 32 మందిలో 31 మంది తొలగవలెను. కావున 31 ఆటలు. ఓడినవారు వెంటనే తొలగు ఈ పద్ధతికి నాకౌట్ అని పేరు. ప్రతివారు ప్రతివారితో ఆడవలెనన్నచో 32ను 31చే గుణించి రెండుచే భాగించగా 496 ఆటలు కావలసివచ్చును. ఒక వారములో అన్ని ఆటలు నడపుట అసాధ్యము.

బరువైన కాయ దొరికినది, సరే. రెండవ బరువైన కాయ ఏది? చివరి తూనికలో ఓడినదే అని తొందరపడి చెప్పుదుము. కాని ఆ రెండవ కాయ మొదటి తూనికలోనే అన్నిటికంటె బరువైన దానికి ఎదురుపడి యుండవచ్చును. పలాస కాయ మొదటిది, టెక్కలి కాయ రెండవది అనుకొనుడు. పలాస కాయను పట్టికలో ఒకచోట ఉంచిన పిమ్మట ఏడు స్థానములు మిగులును. వానిలో మూడు పలాస కాయ ఉన్న సగములోనివి. నాలుగు రెండవ సగములోనివి. టెక్కలి కాయ ఆ నాలుగింటిలో ఒకదానియందు పడిననే తుది తూనికకు రాగలదు. అనగా దానికి న్యాయము జరుగుటకు ఏడింట నాలుగు వంతులే అవకాశమున్నది.

32 మంది ఉన్న టెన్నిస్ పోటీలో ఈ అవకాశము 31లో 16 వంతులు మాత్రమే. ఈ సంగతిని 1883లోనే ఒక చిన్న పుస్తకములో ఎత్తిచూపినవాడు ఆలిస్ అను బాలిక కథలు వ్రాసిన లూయీ కరోల్. ఆయన అసలు పేరు చార్లెస్ డాడ్జ్‌సన్. ఆక్స్‌ఫర్డులో గణితము బోధించెడివాడు.

అన్ని క్రీడలలోను ఈ చిక్కు లేదు. ఆమదాలవలస ప్రాంతపు బిడ్డ కరణం మల్లీశ్వరి 2000 సంవత్సరపు సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో మొత్తము 240 కిలోలు ఎత్తి కాంస్య పతకము గెలిచెను. బంగారు, వెండి పతకములు పొందిన ఇద్దరును చెరి 242.5 కిలోలు ఎత్తిరి. అక్కడ ప్రతివారి బలమును కిలోలే చెప్పును. ఎవరికి ఎవరు ఎదురుపడిరన్న ప్రశ్న లేదు. టెన్నిస్‌లో తూనికరాళ్లు లేవు. ఒకరిని మరియొకరితోనే తూచవలెను.

ఇంకొక చిక్కు కలదు. తక్కెడ ఎన్నిమార్లు తూచినను ఒకే తీర్పు చెప్పును. మనుష్యులట్లు కారు. ఒక క్రీడాకారిణి ఎవరితోనైనను పది ఆటలు ఆడి ఎనిమిది గెలువగలదనుకొందము. పోటీ గెలువవలెనన్న ఆమె వరుసగా ఐదు ఆటలు గెలువవలెను. పదింట ఎనిమిది, అనగా 0.8ని ఐదుమార్లు గుణించిన 0.33 వచ్చును. అంతటి దిట్టయు మూడు పోటీలలో ఇంచుమించు ఒకటి మాత్రమే గెలుచును. తక్కిన రెంటిలో ఎక్కడనో ఓడును. కావున ఒక్క ఓటమి ఒకరి విలువను తేల్చదు.

దీనికి విరుగుడేమి? ప్రయోగశాలలో మనము చేయునదే. ఒక కొలతను నమ్మక, పలుమార్లు కొలుతుము. టెన్నిస్‌లో 52 వారముల ఆటలకు వచ్చిన పాయింట్లను కూడి ర్యాంకులు నిర్ణయింతురు. మహిళలకు ఈ ర్యాంకులను 1975 నుండి కంప్యూటరు సాయమున లెక్కించుచున్నారు. పోటీ పట్టిక వేయునపుడు మొదటి ర్యాంకు వారిని ఒక సగములోను, రెండవ ర్యాంకు వారిని రెండవ సగములోను ఉంచి, వారు తుది ఆటకు ముందు తలపడకుండ చూతురు. దీనినే సీడింగ్ అందురు.

కాని ర్యాంకు లేని కొత్తవారి గతి యేమి? పాయింట్లున్నగాని పోటీలోనికి రానీయరు. పోటీలో ఆడినగాని పాయింట్లు రావు. పెండ్లయితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెండ్లి కాదు అన్నట్లున్నది. ఈ ముడిని విప్పుటకే వైల్డ్ కార్డు అను ఏర్పాటు కలదు. ర్యాంకు చాలకున్నను నిర్వాహకులు కొందరికి చోటు ఇత్తురు. తరచు ఆ చోటు స్థానికులకు దక్కును. 2003లోను, 2004లోను సానియా ఆడినది వైల్డ్ కార్డుతోనే. సొంత ఊరిలో ఏటేట పోటీ జరుగుటవలన ఓడిన బాలికకు మరల తూగు అవకాశము దొరకెను. 2007 ఆగస్టులో ఆమె సింగిల్స్ ర్యాంకు 27. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచమున మొదటి స్థానము.

హైదరాబాదు పోటీ 2005తో ముగిసి, 2006లో బెంగుళూరుకు తరలెను. అక్కడను 2008 తరువాత నిలువలేదు. మరల భారతదేశమున ఈ స్థాయి పోటీ 2022లో చెన్నైలో జరిగెను.

ఉపాధ్యాయులు ఈ లెక్కను తరగతిలో పరీక్షింపవచ్చును. ఎనిమిది చీట్లపై 1 నుండి 8 వరకు అంకెలు వేసి, కలిపి, రెండేసి తీసి పోటీ నడపుడు. పెద్ద అంకెదే గెలుపు. 70 మార్లు చేసిన, 7 వ అంకె ఇంచుమించు 40 మార్లు తుది పోటీకి వచ్చును.

పాఠశాల ఆటల పోటీలకు కూడ ఇందులో ఒక ఉపాయమున్నది. రెండవ స్థానమునకు తగినవారు విజేత చేతిలో తప్ప మరెవరి చేతిలోను ఓడియుండరు. ఎనిమిది జట్లలో విజేత చేతిలో ఓడినవి మూడే. ఆ మూడింటి నడుమ మరి రెండు ఆటలు పెట్టిన చాలును. 32 మందికైనను నాలుగు ఆటలే అదనము. ఆ రెండు ఆటలకు ఒక సాయంకాలము వెచ్చించిన, మొదటి ఆటలోనే ఓడి గట్టున కూర్చున్న జట్టులోనే రెండవ బహుమతికి తగినవారు కనబడవచ్చును.