నల్లమల విలుకాని దేహబలము – దాని సాధన

విలువిద్య యనగానే మనకు ముందుగా గురి స్ఫురించును. ఆదిపర్వములో ద్రోణుడు శిష్యులను పరీక్షించిన ఘట్టము మన మనస్సులలో అంతగా నాటుకొని యున్నది. పక్షి తల తప్ప మఱేమియు కనబడుట లేదని పలికిన అర్జునుడే అందు గెలిచెను. కాని గురి కుదురుటకు ముందు విల్లు వంగవలెను. వంగిన విల్లు వణకక నిలువవలెను. అంతకు ముందే విలుకాడు మృగమున్న చోటికి అలయక చేరవలెను. ఈ మూటికిని మూలము దేహబలము. ఆ బలమెట్టిది, అది యెట్లు సమకూరును అను విషయమును నల్లమల చెంచుల వేట నాధారముగా గైకొని ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

మార్కాపురము, గిద్దలూరు, యెఱ్ఱగొండపాలెము, దోర్నాల ప్రాంతములకు పడమట నల్లమల కొండలు గోడవలె నిలిచియున్నవి. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా ఏర్పడు వరకు మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలోనివి. 1972లో ఆ క్రొత్త జిల్లాకు ప్రకాశము అను పేరు వచ్చినది. పాలనలో ఎన్ని మార్పులు వచ్చినను అడవికి హద్దులు లేవు. కృష్ణకు ఇరుదరులను గల చెంచులు ఒకే జాతివారు. ఉత్తరపు దరిని, అమ్రాబాదు పీఠభూమిలో నివసించు చెంచులను గూర్చి ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వ్రాసిన గ్రంథము 1943లో వెలువడినది. గడ్డలు త్రవ్వి, తేనె దించి, వింటితో వేటాడి జీవించిన జనుల దినచర్య అందు విపులముగా కలదు. దక్షిణపు దరి చెంచులను గూర్చి యోచించుటకును అది మనకు తోడ్పడును.

మన శిష్టసంప్రదాయములో ఆయుధవిద్యకు వేఱుగా ఒక స్థలము, ఒక సాధనక్రమము ఉండెడివి. సాము, గరిడి అను మాటలు అందుకు సాక్ష్యములు. అమరకోశము బాణాభ్యాసమునకు 'ఉపాసనము' అను పేరు చెప్పుచున్నది. ఆలీఢము, ప్రత్యాలీఢము మొదలుగా విలుకాని నిలుకడలు ఐదని లెక్కించుచున్నది. విలువిద్య పాదముల యొద్దనే ఆరంభమగునని ఆ శాస్త్రకారులు గుర్తించిరనుటకు ఇది చాలును. చెంచులకు గరిడి లేదు. ఐనను బలమున్నది. ఎక్కడనుండి వచ్చినది? ఇదియే ఇచ్చట ప్రధానమైన ప్రశ్న.

వెదురువింటి స్వభావమును మొదట తెలిసికొనవలెను. నారిని వెనుకకు లాగుకొలది దాని బరువు పెరుగుచు పోవును. చెవిదాక లాగి గురిచూచు క్షణముననే భారము మిక్కిలి హెచ్చుగా నుండును. నేటి క్రీడలలో వాడు కాంపౌండు వింటిలో కొనలయందు చక్రములుండును. పూర్తిగా లాగిన పిదప అవి భారములో అధికభాగమును తగ్గించును. వెదురువింటికి అట్టి దయ లేదు. ఆ భారమును మోయునది భుజము మాత్రమే కాదు. రెండు భుజఫలకములను వెన్నెముక వైపునకు ఒత్తిపట్టు వీపు కండరములే అందు ముఖ్యములు. కేవలము చేతిబలముతో లాగువాని ముంజేయి త్వరలో అలసి వణకును. వీపుతో లాగువాని చేయి నిలుచును. విల్లు పట్టిన చేతికి పని వేఱు. దాని కండరములు పొడవు మారకయే బిగిసి యుండవలెను. కదలికలేని ఈ బిగువును నిలుపుట బరువులెత్తుట కంటె భిన్నమైన సాధన.

ఇక రెండవది నడక. వెదురువింటితో వేటాడువాడు తుపాకివానివలె దూరమునుండి కొట్టజాలడు. మృగమునకు మిక్కిలి చేరువ కావలెను. రాళ్లపై, ఎండుటాకులపై చప్పుడు కాకుండ నడచుటకు మోకాలిని వంచి, దేహభారమునంతయు ఒక కాలిపై నిలిపి, రెండవ పాదమును మెల్లగా మోపవలెను. ఇది తొడలకును నడుమునకును గొప్ప పరీక్ష. మూడవది నిలుకడ. వేసవిలో నీటిపట్టు చెంత పొంచియున్న విలుకాడు గడియల తరబడి కదలరాదు. కదలిన క్షణముననే పూర్ణబలముతో విల్లు వంపవలెను. చల్లబడిన కండరమును ఒక్కసారిగా పనికి పూన్చుట సులభము కాదు. నడువగలవాడు, కదలక యుండగలవాడు, వంపగలవాడు – ఈ మువ్వురు ఒక్కనియందే ఉన్నప్పుడు వాడు వేటగాడు.

ఈ మూడు బలములును చెంచులకు జీవనము నుండియే లభించినవి. ఇనుపమొన గల కఱ్ఱతో రాతినేలను త్రవ్వి గడ్డలు తీయుటలో వీపు, నడుము, పిడికిలి గట్టిపడును. తేనెకై త్రాటిపై కొండచరియ దిగువానికి తన దేహభారమును తానే మోయుట అలవడును. కట్టెలు, నీళ్లు, అటవీఫలములు మోసికొని మెట్టలెక్కుటచే ఊపిరి దీర్ఘమగును. బాలురకు తొలుత లభించునది చిన్నవిల్లు. అది ఆటవస్తువే, కాని వయస్సుతోపాటు విల్లును పెరుగును. భారమును కొలదికొలదిగా పెంచవలెనను నేటి వ్యాయామశాస్త్రసూత్రము ఇందు సహజముగా ఇమిడియున్నది. మొదటి వారములలో బలము పెరుగుట కండరము లావగుటచే గాక నాడులు దానిని చక్కగా నడపనేర్చుటచే జరుగునని ఆ శాస్త్రమే చెప్పుచున్నది. ఆటలో వేలమార్లు నారి లాగిన బాలుడు ఆ నేర్పును తెలియకయే గడించును.

ధూర్జటి యీ క్రమమును ఎఱుగునని మా అభిప్రాయము. కాళహస్తీశ్వర మాహాత్మ్యములో తిన్నని కథ చెప్పుచు, అతని బాల్యపు ఆటలను పేరుపేరున పేర్కొని, పిదపనే వేటను వర్ణించెను. పల్లెపిల్లల ఆటలపట్టికగా మాత్రమే ఆ భాగమును మెచ్చుకొనుట పరిపాటి. కాని పరుగు, దాగుట, దూకుట నేర్పు ఆటలే బోయబాలునకు తొలి గరిడి యని భావించినచో ఆ వరుసకు మఱియొక అర్థము తోచును.

ఇతరదేశపు ఉదాహరణ మొకటి ఇందుకు భిన్నముగా కనబడును. ఇంగ్లండులో మూడవ ఎడ్వర్డు 1363లో పండుగదినములందు పురుషులు విలువిద్య నభ్యసింపవలెనని శాసించెను. 1545లో మునిగి 1982లో పైకి తేబడిన మేరీ రోజ్ నౌకలో పెద్దవిండ్లతోపాటు నావికుల యస్థులును దొరకినవి. కొందఱి భుజఫలకపు కొనయెముక అతుకుకొనక విడిగా నిలిచియుండుట గమనించి, ఎముక ముదురక పూర్వమే బరువైన విండ్లను లాగుట దానికి కారణము కావచ్చునని పరిశోధకులు తలచిరి. ఒక్క పనినే, ఒక్క వైపుననే మితిమీరి చేయించు సాధన దేహమును వంకర చేయుననుటకు ఇది హెచ్చరిక. త్రవ్వుట, ఎక్కుట, మోయుట, నడచుట అను నానావిధ శ్రమల నడుమ విల్లు ఒకటియైన చెంచు జీవనములో ఆ యొంటివైపు భారమునకు విరుగుడు కలదు.

ఈ జీవనము నేడు మాఱినది. నాగార్జునసాగర్–శ్రీశైలము అడవి 1978లో అభయారణ్యముగను, 1983లో పులుల రక్షితప్రాంతముగను ప్రకటింపబడినది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము, దానికి 1991లో వచ్చిన సవరణ వేటకు దారి మూసినవి. మృగసంపద క్షీణించిన కాలమున ఈ నిషేధము అవసరమైనదే. వేటను తిరిగి కోరువారము కాము. కాని వేటతోపాటు, నిషేధమెఱుగని త్రవ్వుటయు నడచుటయు కూడ తగ్గి, చౌకబియ్యము గడ్డల స్థానమును ఆక్రమించుచున్నది. బాణము మానుటచే బలము పోదు; శ్రమల కూటమి చెదరుటచే పోవును. అడవిలో కావలివారుగా పులుల అడుగుజాడలు వెదకు చెంచులయందు ఆ నడక యింకను జీవించియున్నది.

వింటికి మఱియొక దారియు కలదు. రాజస్థానములోని ఆదివాసి యువకుడు లింబారాముని 1987లో భారత క్రీడాప్రాధికార సంస్థ ఎన్నుకొన్నది. వెదురువింటితో పెరిగిన అతడు 1988 మొదలు మూడు ఒలింపిక్ క్రీడలలో పాల్గొనెను. మన రాష్ట్రమున విజయవాడకు చెందిన జ్యోతి సురేఖ 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడలలో మూడు బంగారు పతకములు గెలిచినది. మార్కాపురము, గిద్దలూరు సీమల గిరిజన పాఠశాలలలో వయస్సునకు తగిన చిన్నవిండ్లతో గడ్డిబొమ్మలపై అభ్యాసము చేయించినచో ప్రాణిహింస లేకయే ఆ విద్య నిలుచును. అందు పెద్దలైన చెంచులే గురువులు కావలెను.

భాషాశాఖకును ఇందు పని కలదు. విల్లు పట్టుటకు, పొంచుటకు, అడుగు మోపుటకు వారికి గల పలుకుబడులను ఆయా పనులతో సహా సేకరింపవలెను. నిఘంటువులోని మాటకు అర్థము మాత్రమే తెలియును. ఆ పనిని చేసిన దేహమునకు దాని బరువు తెలియును. ఆ బరువెఱిగిన పెద్దలు మనతో నుండగనే ఈ సేకరణకు పూనుట ఉచితము.