జేబుకు దగ్గరై, గురికి దూరమై

1980లో ఆస్ట్రియా సైన్యం తన పాత వాల్తర్ పి-38 పిస్తోళ్లను మార్చాలనుకుంది. వియన్నా పక్కన డాయిచ్-వాగ్రామ్‌లో కర్టెన్ రాడ్లు, సైన్యానికి కత్తులు చేసే గాస్టన్ గ్లాక్ ఆ పోటీలోకి దిగాడు. అంతకుముందు ఆయన ఒక్క తుపాకీ కూడా చేసి ఎరగడు. అదే ఆయనకు కలిసొచ్చిందని నా నమ్మకం. చట్రమంటే ఉక్కే అన్న పట్టుదల ఆయనకు లేదు. చేతికి అలవాటైన ప్లాస్టిక్‌నే నమ్ముకున్నాడు. పాలిమర్ చట్రంతో జర్మనీ పిస్తోలు ఒకటి 1970లోనే వచ్చింది కానీ అంతగా నడవలేదు. తొలి నమూనాలను గ్లాక్ ఎడమచేత్తో పేల్చేవాడని చెబుతారు. ఏదైనా జరగరానిది జరిగితే నమూనాలు గీసే కుడిచెయ్యి మిగలాలి కదా! 1982లో సైన్యం ఆయన పిస్తోలును తీసుకుంది. అది ఆయన పదిహేడో పేటెంట్ కనుక గ్లాక్-17 అయింది.

1988లో దానికి తమ్ముడు పుట్టాడు. గ్లాక్-19 గొట్టం 114 మిల్లీమీటర్ల నుంచి 102కి తగ్గింది. పిడి పొట్టిదైంది, తూటాలు 17 నుంచి 15 అయ్యాయి. దుస్తుల కింద దాగేది, రేంజిలోనూ పనికొచ్చేది కావడంతో చాలామందికి ఇదే నచ్చింది.

ఇంకా చిన్నది చేస్తే? అక్కడే భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. 9 ఎం.ఎం. తూటా బరువు సుమారు 8 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. తూటా ముందుకు ఎంత ద్రవ్యవేగంతో పోతుందో, కనీసం అంత ద్రవ్యవేగంతో తుపాకీ వెనక్కి తంతుంది. తుపాకీ బరువు సగమైతే ఆ తన్నుకు వేగమూ శక్తీ రెట్టింపవుతాయి. పిడి పొట్టిదైతే చిటికెన వేలికి పట్టు దొరకదు. కాల్చినప్పుడు వెనక్కి జరిగే పైభాగం తేలికై, అది కదిలే దూరం కూడా తగ్గుతుంది కనుక స్ప్రింగు బిరుసుగా ఉండాలి, లాగడానికి బలం కావాలి.

గురి సంగతి ఇంకా సూక్ష్మం. గ్లాక్-17లో వెనక గాడికీ ముందు మొనకూ మధ్య దూరం 165 మిల్లీమీటర్లు. ఆ మొన ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగితే 25 మీటర్ల దూరంలో తూటా 15 సెంటీమీటర్లు తప్పుతుంది. గాడికీ మొనకూ మధ్య దూరం 130 మిల్లీమీటర్లే ఉంటే తప్పు 19 సెంటీమీటర్లవుతుంది. చిన్న పిస్తోలు సూటిగా కాల్చదని అనుకోకండి. బిగించి కాలిస్తే అది బాగానే కాలుస్తుంది. చేతిలోని తడబాటునే అది పెద్దది చేసి చూపిస్తుంది.

అయినా చిన్న తుపాకుల మోజు పెరిగింది. కారణాల్లో ఒకటి చట్టం. 1994లో అమెరికా, పౌరులకు అమ్మే కొత్త మ్యాగజైన్లు పది తూటాలకు మించకూడదంది. పదే ఉండాలంటే పెద్ద పిడి ఎందుకు? ఆ రోజుల్లోనే పొట్టి గ్లాక్-26 వచ్చింది. ఆ చట్టం గడువు 2004లో తీరింది కానీ ఆ దారి ఆగలేదు. 2018లో సిగ్ సావర్ సంస్థ పి-365 తెచ్చింది: సుమారు 500 గ్రాముల బరువు, 79 మిల్లీమీటర్ల గొట్టం, అయినా పది తూటాలు! తూటాలు కింద రెండు వరుసలుగా ఒత్తిగిలి, పైకి వచ్చేసరికి ఒకే వరుసవుతాయి. ఆ మ్యాగజైన్‌ను మలచిన తీరు నాకు నిజంగా అబ్బురం.

గురికే పుట్టిన తుపాకీ దీనికి పూర్తిగా ఎదురుగా నడుస్తుంది. అంతర్జాతీయ 25 మీటర్ల పోటీలో .22 పిస్తోలు 1400 గ్రాముల దాకా బరువుండవచ్చు, గాడికీ మొనకూ మధ్య దూరం 220 మిల్లీమీటర్ల దాకా సాగవచ్చు. హైదరాబాదు అమ్మాయి ఈషా సింగ్ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ పోటీలో వ్యక్తిగత రజతం తెచ్చింది.

రెండు పనులకూ ఒక్కటే ఎంచమంటే గ్లాక్-19 పరిమాణానికే నా ఓటు. అంతకన్నా చిన్నది వెంట ఉంచుకోవడానికి సుఖం, సాధనకు కష్టం. మన దేశంలో 9 ఎం.ఎం. పౌరులకు నిషిద్ధం. కనుక గురి మీద మక్కువున్న పిల్లలూ, రైఫిల్ క్లబ్బుకు వెళ్లి, 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌తో మొదలుపెట్టండి.