కొండబాటలపై సైకిలు పందెములు

మన గ్రామములలో సైకిలు ఎరుగనివారు లేరు. పాలకేనులు, ఎరువుబస్తాలు, బడికి పోవు పిల్లలు – అన్నిటిని అది మోయుచునే యున్నది. అట్టి సైకిలునే కొండలమీద, బండరాళ్ల నడుమ నడిపి, ప్రపంచ విజేత ఎవరో తేల్చుకొను పోటీలు ఏటేట జరుగుచున్నవి. ఈ పోటీలు ఎట్లు పుట్టినవో, వాటి నియమము లెట్టివో, సైకిళ్లవలన కొండబాటలకు వచ్చిన చిక్కు ఏమో పంచాయతీ సభ్యులకు తెలుపుట మా ఉద్దేశము.

పాత సైకిళ్లతో ఆరంభము

అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున టమల్పాయిస్ అను కొండ కలదు. 1970 తరువాత ఆ పరిసరములలోని యువకులు కొందరు, లావుపాటి టైర్లు గల పాతకాలపు బరువు సైకిళ్లను చవుకగా కొని, మట్టిబాటలపై కొండ దిగసాగిరి. 1976 అక్టోబరు 21వ తేదీన గడియారము పెట్టి పందెము నడిపిరి. బాట పొడవు సుమారు 2 మైళ్లు. దిగుడు సుమారు 1,300 అడుగులు. పెడలును వెనుకకు త్రొక్కినచో పట్టు బ్రేకులు ఆ దిగుడులో కాగి, లోపలి గ్రీజు పొగలై పోయెడిది. ప్రతిసారి క్రొత్త గ్రీజు కూర్చవలసి వచ్చుటచే ఆ పందెమునకు ‘రీప్యాక్’, అనగా మరల కూర్చుట, అను పేరు వచ్చినది. 1977లో జో బ్రీజ్ అను యువకుడు కొండబాటలకే తగిన క్రొత్త ఫ్రేముతో సైకిలు తయారుచేసెను.

1990లో అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున డురాంగో పట్టణములో అంతర్జాతీయ సైకిలు సమాఖ్య మొదటి ప్రపంచ పోటీ నడిపినది. పురుషుల ప్రధాన పందెమున 35 ఏండ్ల నెడ్ ఓవరెండ్, స్త్రీల పందెమున జూలీ ఫుర్టాడో గెలిచిరి. 1996లో అట్లాంటా ఒలింపిక్సులో ఈ క్రీడకు చోటు దొరకినది. స్విట్జర్లాండు దేశీయుడైన నీనో షూర్టర్ 2009 మొదలు 2022 వరకు పదిమార్లు ప్రపంచ విజేత యయ్యెను. మన దేశమున 2023లో కేరళలోని పొన్ముడి కొండలపై ఆసియా పోటీలు జరిగినవి.

పోటీల తీరు

ఈ పోటీలలో ముఖ్యమైనవి మూడు. మొదటిది ‘క్రాస్ కంట్రీ’. అందరును ఒకేసారి బయలుదేరి, ఎగుడు దిగుడు బాటపై చుట్లు తిరుగుదురు. ముందుగా గమ్యము చేరినవాడు విజేత. రెండవది ‘డౌన్ హిల్’. ఒక్కొక్కరుగా కొండ దిగుదురు. తక్కువ సమయము పట్టినవానిదే గెలుపు.

మూడవది ‘ట్రయల్స్’. ఇందు వేగము కాదు, నిలకడ ముఖ్యము. సైకిలుకు సీటు ఉండదు. చక్రములు 20 అంగుళములవి గాని 26 అంగుళములవి గాని ఉండును. బండలు, దుంగలు, తొట్టెలు అడ్డుగా పెట్టిన చోటును పాదము నేల మోపక, గెంతుచు దాటవలెను. పూర్వము పాదము మోపినప్పుడెల్ల ఒక తప్పు లెక్కించి, తప్పులు తక్కువైనవానిని గెలిపించెడివారు. తరువాత దాటిన ఒక్కొక్క ద్వారమునకు 10 మార్కులిచ్చు పద్ధతి వచ్చినది. స్పెయినులోని కాటలోనియాలో మోటారు సైకిలు పందెగాడైన పెరె పీ, తన కుమారునికి చిన్న సైకిలుపై ఈ విద్య నేర్పెను. ఆ బాలుడు ఓట్ పీ పిదప ప్రపంచ విజేత యయ్యెను. 2007లో స్కాట్లాండులోని ఫోర్ట్ విలియమున ఈ మూడు పోటీలును ఒకేచోట జరిగినవి.

బాట ఎవరిది?

క్రీడ పెరిగినకొలది కాలిఫోర్నియా కొండలలో తగవులు పుట్టినవి. కాలినడకవారు, గుర్రపు స్వారీవారు సైకిళ్ల వేగమునకు బెదరిరి. బాటల మట్టి కోసుకొనిపోవుచున్నదని ఫిర్యాదులు వచ్చినవి. అధికారులు సన్నబాటలు పలుచోట్ల సైకిళ్లకు మూసివేసి, వెడల్పు బాటలపై వేగమునకు హద్దు పెట్టిరి. అప్పుడు సైకిలు సంఘములు కొన్ని కలసి 1988లో ఒక సంస్థగా ఏర్పడి తమకు తామే నియమములు విధించుకొన్నవి: తెరచిన బాటపైననే పోవలెను, ఎదుటివారికి దారి యీయవలెను, పశువులను బెదరింపరాదు, బాటను పాడుచేయరాదు. సభ్యులు పారలు పట్టి బాటలు బాగుచేయసాగిరి.

వారు పాటించు సూత్రమొకటి ఏ కొండ గ్రామమునకైనను పనికివచ్చును. బాటను కొండవాలు వెంట నిలువుగా దింపినచో వాననీరు దానినే కాలువగా చేసికొని మట్టిని కోయును. కావున బాట కొండకు అడ్డముగా సాగవలెను. దాని వాలు కొండవాలులో సగమునకు మించరాదు. కొండ పది అడుగులకు నాలుగడుగులు దిగుచున్నచో బాట రెండడుగులకు మించి దిగరాదు. బాట వెలుపలి అంచు కొంచెము పల్లముగా ఉన్నచో నీరు నిలువక ప్రక్కకు జారిపోవును.

ఏదైన సంఘము మీ యూరి కొండపై పందెము నడుపుటకు అనుమతి కోరినచో, సభ్యులు మూడు ప్రశ్నలు వేయవలెనని మా సలహా. ఆ బాటపై నిత్యము నడచువారికి, మేతకు పోవు పశువులకు ఆనాడు దారి ఎట్లు? పందెము ముగిసినపిదప బాటను ఎవరు, ఎన్నాళ్లలో బాగుచేయుదురు? గాయపడినవారిని క్రిందికి చేర్చు ఏర్పాటు ఏది? ఈ మూడింటికి వ్రాతపూర్వకముగా జవాబు దొరకినపిదపనే అనుమతి ఇచ్చుట మేలు. యువకుల ఉత్సాహమునకు అడ్డు చెప్పనక్కరలేదు. అయితే పందెము ఒక దినముతో ముగియును, బాటతో ఊరికి ప్రతిదినము పని యున్నది.